వీపుకు మన్ను

ధర్మాబాద్ మిర్చి యార్డుల మూటలు మోసే మెడ నాది.
ఎంత కడిగినా ఎర్రదుమ్ము పోదు.
తాలీంల నాతోని తలపడ్డోనికి
పట్టు పడకముందే కండ్లల్ల నీళ్లు.
"పోశెట్టిది కుస్తీ కాదుర, పోపు" అని
తుమ్ముకుంట నవ్వెటోడు కేర్బా.

వాడు మరాఠీల తిట్టెటోడు, నేను తెలుగుల.
నడుమ మజ్జిగ, పసుపు పోసి పిసికిన ఎర్రమన్నుకు
రెండూ సమజయ్యేటివి.

ధోబీపఛాడ్ వానిది.
చెయ్యి భుజం మీదికి గుంజి
బండకేసి బట్ట ఉతికినట్టు
మనిషిని ఉతికెటోడు.
కలాజంగ్ నాది.
తొడల సందుల చెయ్యి దూర్చి
మూట లెక్క మెడ మీదికెత్తుడు,
దాన్ని నాకు వస్తాద్ కాదు, యార్డు నేర్పింది.
లంగ్డీకి కాలడ్డం, కైంచీకి కాళ్ల కత్తెర.
ఉడుంపట్టు ఎవలూ నేర్పరు.
భయమైతే అదే వస్తది.

బోర్ల పడ్డోని మీద సవారి, ఘిస్సా.
మెడకు మోచెయ్యి, నడుముకు మోకాలు,
వాడు మన్ను కరుచుకొని పండుకుంటే
గంటసేపైనా గుంజుడే.
ఇన్ని పట్లూ ఒక్కదానికే:
ఎదుటోని వీపు మన్నుకంటాలె.

కుండల్‌వాడి జాతరల మూడుమాట్లు కలిసినం.
మొదటిది కొబ్బరికాయ కుస్తీ, పోరగాండ్లం.
ఎవడూ పడలె,
కాయ పలగ్గొట్టి చెరొక చిప్ప ఇచ్చిండ్రు.
రెండోది చెప్ప.
మూడోది వెండికడెం.
పొద్దుగూకింది, హల్గీ కొట్టెటోని చేతులు పడిపోయినయ్.
వాడు కింద, నేను మీద.
పంచులు లాంతర్లు పట్టి వంగి చూసిండ్రు,
వీపుకింద వెలుగు పోతున్నదా అని.
పోయింది. వేలు మందం.
ఆ వేలు మందం
కేర్బా నాకు ఇయ్యనే లేదు.

పోయిన చలికాలం వాని కుడిపక్క పడిపోయింది.
స్టేషనెనుక గల్లీల, రేకులింట్ల,
ఎల్లెలుకల పండవెట్టిండ్రు.
నేను పోయిన నాడు రేకుల దిక్కు చూస్తున్నడు,
చిత్ అయినోడు మబ్బు దిక్కు చూసినట్టు.
నన్ను చూసి కండ్లు మూసుకున్నడు.

వీపుకు పుండైంది.
రెండు గంటలకోసారి పక్కకు తిప్పుమన్నది నర్సమ్మ.
కొడుకు లారీ మీద. కోడలు సుమన్‌బాయి బక్కది,
వాని ఒక్క తొడంత ఉండదు.
అప్పటిసంది
యార్డుకు పోకముందొకసారి, పగటీల ఒకసారి,
రాత్రి వాళ్లింట్లనే నా పక్క.

మోకాలు మంచం మీద ఆనిస్త.
కుడిచెయ్యి, అది ఇప్పుడు ఎవలిదో,
ఎదమీదికి మడుస్త.
ఘిస్సాకు తిప్పినట్టే తిప్పుత, ఉల్టా.
ముప్పై ఏండ్లు వీపును కిందికి తెచ్చే ఇద్దె నేర్చిన.
లేపే ఇద్దె ఏ వస్తాదూ చెప్పలె.

మొదటి వారం బిగుసుకున్నడు.
బతికున్న ఎడమచేత్తోని నా మణికట్టు దొరకవట్టి
నికాల్ తియ్యచూసిండు.
తియ్యనిస్తే ఏం పోయేది?
కని ఇయ్యలె.
కుస్తీల అబద్ధమాడితే వానికి తెలుస్తది.

నిన్న సగం నోటితోని ఏదో అన్నడు.
సుమన్‌బాయి చెవి దగ్గర పెట్టి విన్నది,
కొంగు మూతికడ్డం పెట్టుకున్నది:
"ఢీలా పట్టినవంట, మామ."

బిగించిన.
మెడ కింద మెడ వెట్టి లేపుతుంటే
నా మిర్చిదుమ్ము వాని ముక్కుల వడ్డది.
మంచం కోళ్లు కదిలేటట్టు తుమ్మిండు,
పనిజేసే పక్కా, చెయ్యని పక్కా, రెండూ తుమ్మినయ్.
మెత్త దూర్చి
పాత పంచు లెక్క వంగి చూసిన.

తలుపు సందుల ఎండ
వాని వీపుకింది నుంచి అటు పక్కకు పోతున్నది,
వేలు మందం.